షట్టర్ల బాబాయి గారు

రాజమండ్రిలో ఏ వీధి చూపించినా ఆయనకి కనిపించేవి రెండే: రోడ్డు ఫేసింగు, వెనక బిట్టు. దసరాకి దేవీచౌక్‌లో అమ్మవారికి దణ్ణం పెడుతూనే ఎదురు షాపు వైపు ఓరగా చూసి, "అద్దె ఎంతంటావ్?" అంటారు. పెళ్ళికెళ్తే పెళ్ళికూతురికంటే ముందు పార్కింగు చూస్తారు.

మండపేట దగ్గర వరిచేను అమ్మేసి దానవాయిపేటలో మూడంతస్తులు లేపారు. దాళ్వా నీళ్ళ బెంగ తీరి, టులెట్ బోర్డు బెంగ పట్టుకుంది. కింద నాలుగు షట్టర్లు. ఒకదాంట్లో మందులషాపు. ఇంకోదాంట్లో ఏటీఎం ఉండేది. బడ్డీకొట్టుకీ క్యూఆర్ కోడ్ వచ్చాక అదీ ఎత్తేశారు. మూడోదీ నాలుగోదీ కట్టినప్పట్నుంచీ ఖాళీయే. శనివారం శనివారం వాటి పట్టాలకి గ్రీజు రాసి, బర్రున ఎత్తి, లోపల ఊడ్పించి, మళ్ళీ దించుతారు. సాయంత్రం వాటి ముందే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటారు.

"కాస్త తగ్గించి ఇచ్చేయండి బాబాయ్ గారూ."

"బాగా చెప్పావ్! ఇరవై వేల షట్టరు పన్నెండుకిస్తే, రేపు కొనేవాడు పన్నెండుతోనే గుణిస్తాడు. ఖాళీగా ఉన్నంతకాలం అది ఇరవై వేల షట్టరేరా!"

నవ్వుకున్నాను గానీ, న్యూయార్క్ ఆఫీసు టవర్ల వాళ్ళదీ ఇదే లెక్క. కొన్ని నెలలు ఉచితంగా ఉండనిస్తారు తప్ప, కాగితం మీద అద్దె తగ్గనివ్వరు.

అమరావతి ఆయన్ని 2014లో ఎగిరి గంతేయించింది, 2019లో మంచం ఎక్కించింది, 2024లో లేపి కూర్చోబెట్టింది. 2022లో భీమవరం జిల్లా కేంద్రం అయిందనగానే బస్సెక్కారు. ఇప్పుడు ధ్యాసంతా 2027 పుష్కరాల మీదే. పుష్కరాలు పన్నెండు రోజులు, అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలు కదండీ అంటే వినిపించుకోరు.

మొన్న హైదరాబాదు నుంచి కొడుకొచ్చాడు. "నాన్నగారూ, మన దేశంలో 2019 నుంచి రీట్లు ఉన్నాయి. కొన్ని వందలు పెడితే బెంగళూరు ఆఫీసు పార్కుల్లో వాటా వస్తుంది. అద్దెలో మన వంతు మూణ్ణెల్లకోసారి ఖాతాలో పడిపోతుంది."

"ఏ ఫేసింగు?"

"ఫేసింగు ఉండదండి. డీమ్యాట్."

"తాళంచెవి?"

"అదీ ఉండదు."

బాబాయి గారు కాసేపు ఆలోచించారు. "మరి సాయంత్రం పూట కుర్చీ ఎక్కడ వేసుకోనురా?"