ఫ్రెడ్డు గారి రాతి సంసారం

క్వారీలో డ్యూటీ దిగే వేళవుతుంది. ఒకాయన ఒక పిట్ట తోక పట్టుకుని గట్టిగా లాగుతాడు. పిట్ట కెవ్వుమంటుంది. అదే ఆ ఊళ్లో సైరను. వెంటనే డైనోసారు నెత్తిన కూర్చుని రాళ్లెత్తుతున్న ఒక లావుపాటి మనిషి ‘యాబ్బ డాబ్బ డూ’ అని ఒక్క పొలికేక పెట్టి, దాని వీపు మీంచి తోక మీదికి జారి, అక్కణ్నుంచి సరాసరి తన కారులో పడతాడు. కారుకి చక్రాల బదులు రెండు రాతి రోళ్లుంటాయి. ఇంజనుండదు. కింద ఖాళీలోంచి కాళ్లు పెట్టి పరిగెత్తితే బండి కదులుతుంది. పెట్రోలు ధర పెరిగిన ప్రతిసారీ ఈ కారు గుర్తొచ్చేవాళ్లు మన ఊళ్లలోనూ తక్కువేం కాదు.

ఆ లావుపాటి మనిషి ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్. ఊరు బెడ్‌రాక్. 1960 సెప్టెంబరు 30న, శుక్రవారం రాత్రి, అమెరికాలో ఏబీసీ చానల్లో ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ మొదలైంది. పెద్దవాళ్లు కూడా భోజనాలయ్యాక కూర్చుని చూసే రాత్రి వేళలో, అరగంట సీరియల్‌గా బొమ్మల కథ రావడం అక్కడ అదే మొదలు. డైనోసార్లు అంతరించిపోయిన ఆరు కోట్ల ఏళ్లకి పైన గానీ మనిషన్నవాడు భూమ్మీదికి రాలేదని సైన్సు మాస్టారు చెబుతారు. తీసినవాళ్లు ఆ తేడాని లెక్కచేయలేదు. వాళ్లకి కావలసింది రాతియుగం కాదు. 1960ల అమెరికా శివారు కాలనీని తీసుకుని దాని మీద పులిచర్మం కప్పారు, అంతే. పక్కింటివాడు, కారు, బౌలింగు, బాసు చీవాట్లు అన్నీ అవే. వస్తువులు మాత్రం రాయి.

తీసిన విలియం హానా, జోసెఫ్ బార్బెరా అంతకు ముందు ఎంజీఎంలో టామ్ అండ్ జెర్రీ తీసి ఏడు ఆస్కార్లు తెచ్చిపెట్టారు. 1957లో ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. ఏడు ఆస్కార్లూ కలిసి ఆ రెండు ఉద్యోగాలని నిలబెట్టలేకపోయాయి. సొంత కంపెనీ పెట్టుకుని టీవీకొస్తే, టీవీవాళ్లిచ్చే డబ్బులు పిల్లికి ఒక పక్క మీసాలు గీయడానికైనా చాలవు. అందుకని పొదుపు మొదలైంది. ఒళ్లంతా కదలక్కర్లేదు, తల ఒక్కటి ఊగితే చాలు. తలకీ మొండేనికీ మధ్య అతుకు కనిపించకుండా మెడకి ఏదో ఒకటి కట్టాలి. చొక్కా కుట్టడం కూడా రాని కాలంలో ఫ్రెడ్డు మెడలో నీలం టై ఎలా వచ్చిందంటే ఆ చలవే. ఇక ఇంట్లో ఆ చివర్నుంచి ఈ చివరికి వాడు పరిగెడితే అదే కిటికీ, అదే దీపం మళ్లీ మళ్లీ వెనక్కిపోతుంటాయి. బయటినుంచి చూస్తే రెండు గదుల కొంప. లోపల మాత్రం రైలు ప్లాట్‌ఫారమంత పొడుగు.

అందరూ ఫ్రెడ్డునీ పక్కింటి బార్నీనీ తలుచుకుంటారు గానీ, ఈ సీరియల్లో అసలు నవ్వించేవాళ్లు వంటింట్లో ఉంటారు. ఫ్రెడ్డు భార్య విల్మా తొట్టి కింద తలుపు తీస్తే అక్కడొక జంతువు నోరు తెరుచుకుని కూర్చునుంటుంది. మిగిలిన కూడూ తొక్కలూ అందులో పడెయ్యడమే. గదులూడ్చడానికి బుల్లి మామత్ ఏనుగు, దాని తొండమే వాక్యూం క్లీనరు. రాతి పళ్లెం తిరుగుతుంటే దాని మీద పిట్ట ముక్కు ఆనిస్తే రికార్డు ప్లేయరు. ఫొటో కావాలంటే కెమెరా పెట్టెలో ఇంకో పిట్ట. అది మనవైపొకసారి చూసి, పలక మీద ముక్కుతో టకటకా చెక్కి ఇస్తుంది. గడ్డం గీసుకోవడానికి ఆల్చిప్పలో పెట్టిన తేనెటీగ. ఇవన్నీ నోరు మూసుకుని పనిచేస్తే సీరియల్ ఇన్నాళ్లు గుర్తుండేది కాదు. పని కాగానే ఏదో ఒక పిట్ట మనకేసి తిరిగి, ఏం చేస్తాం, పొట్టకూటి కోసం అన్నట్టు ఒక్క మాట నిట్టూరుస్తుంది. యజమానికి వినపడదు, మనకి వినపడుతుంది. మిక్సీకీ ఫ్రిజ్‌కీ కూడా మన గురించి ఒక అభిప్రాయం ఉండొచ్చన్న అనుమానం ఆ పిట్టను చూశాకే పుడుతుంది.

ఫ్రెడ్డు సంగతి చెప్పాలంటే ఒక్క ఎపిసోడ్ చాలు, తక్కినవన్నీ దానికి తోబుట్టువులే. డబ్బు చేసుకునే పథకమో, బౌలింగుకి జారుకునే ఎత్తో వేస్తాడు. పొట్టి పొరుగువాడు బార్నీని అందులోకి లాగుతాడు. విల్మాకి తెలియకుండా దాస్తాడు. విల్మాకి మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. బార్నీ భార్య బెట్టీతో కలిసి నోరు విప్పకుండా వేడుక చూస్తుంది. క్వారీ యజమాని స్లేట్ గారు మధ్యలో ఉద్యోగం ఊడబెరుకుతాడు, తరవాతి వారానికి ఎవరికీ గుర్తుండదు. కొమ్ముల టోపీలు పెట్టుకుని చేరే ‘వాటర్ బఫెలోల’ క్లబ్బు ఒకటుంది. బయట ఎంత గొడవైనా అక్కడ వీళ్లు పెద్దమనుషులే. ఇక విల్మా తల్లి. అల్లుణ్ని దశమగ్రహం అనడం మన అలవాటు. బెడ్‌రాక్‌లో ఆ గ్రహస్థానం అత్తగారిది. ఆవిడ గుమ్మంలో అడుగుపెడితే ఫ్రెడ్డు ముఖం చూడాలి!

ఈ అచ్చు ఎక్కడిదో అమెరికన్లకి అప్పుడే తెలుసు. జాకీ గ్లీసన్ నటించిన ‘ది హనీమూనర్స్’ టీవీ సీరియల్లో లావుపాటి కోపిష్టి భర్త, నెమ్మదైన పొరుగువాడు, తెలివైన భార్యలు అచ్చం ఇలాగే ఉంటారు. గ్లీసన్ కోర్టుకెక్కుదామనుకున్నాడనీ, ఫ్రెడ్డుని టీవీలోంచి గెంటించిన మనిషిగా పేరు తెచ్చుకుంటావా అని ఎవరో అడిగితే ఆగిపోయాడనీ చెప్పుకుంటారు.

బార్నీకి గొంతిచ్చింది బగ్స్ బన్నీకి గొంతిచ్చిన మెల్ బ్లాంకే. 1961 జనవరిలో ఆయనకి ఘోరమైన కారు ప్రమాదం జరిగింది. కొన్ని ఎపిసోడ్లకి డాస్ బట్లర్ ఆదుకున్నాడు. ఆ తరవాత ఒళ్లంతా పిండికట్టుతో మంచం మీదున్న మనిషి దగ్గరికే మైకులు తీసుకెళ్లి రికార్డు చేశారు. తెర మీద బార్నీ గంతులేసి నవ్వుతున్న కొన్ని వారాల్లో, ఆ నవ్వు నవ్వినాయన పక్కకి ఒత్తిగిల్లలేని స్థితిలో ఉన్నాడు.

మూడో సీజన్లో, 1963లో, విల్మాకి పాప పుట్టింది. పేరు పెబుల్స్, అంటే గులకరాళ్లు. మొదట అనుకున్నది మగపిల్లాణ్నట. అయితే ఆడపిల్ల బొమ్మలు బాగా అమ్ముడుపోతాయని వ్యాపారం చూసేవాళ్లనగానే పిల్లాడు పాపైపోయాడు. ఆడపిల్ల పుట్టాలని అంత గట్టిగా కోరుకున్న ఇల్లు ఆ రోజుల్లో ఇంకోటి ఉండి ఉండదు. అసలీ సీరియల్ని మొదట్లో పోషించింది విన్‌స్టన్ సిగరెట్ కంపెనీ. పెళ్లాలు గడ్డి కోస్తూ తివాచీలు దులుపుతుంటే ఫ్రెడ్డూ బార్నీ ఇంటి వెనక్కి పోయి సిగరెట్టు ముట్టించే ప్రకటన ఉంది. తరవాత ద్రాక్షరసం కంపెనీ వచ్చింది. 1968 నుంచి అదే ఫ్రెడ్డు బొమ్మతో పిల్లల విటమిన్ మాత్రలు అమ్ముతున్నారు.

చివరి సీజన్లో కథలు అడుగంటాయి. మన సీరియళ్లలో అయితే కథానాయికకి గతం మరుపుకొచ్చే దశ అది. అక్కడ ఆకాశంలోంచి గజూ అనే ఆకుపచ్చ మరుగుజ్జు దిగాడు. ఆ గాల్లో తేలే బుడతడి రాక ఈ వ్యాసకర్తకైతే మింగుడుపడలేదు. పొట్టకూటి పిట్ట ముందు వాడి మంత్రాలు చప్పగానే ఉంటాయి. 1966 ఏప్రిల్ 1న, సరిగ్గా ఫూల్స్ డే నాడు, 166వ ఎపిసోడ్‌తో దుకాణం కట్టేశారు. రాత్రి వేళ బొమ్మల సీరియళ్లలో ఆ లెక్కని 1997లో సింప్సన్స్ దాటేదాకా ఎవరూ దాటలేదు.

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చాక కేబుల్ తీగెతో పాటు బెడ్‌రాకూ మన ఇళ్లలోకి వచ్చింది. సినిమా నటుడు టోనీ కర్టిస్ అక్కడ స్టోనీ కర్టిస్ ఎందుకయ్యాడో, నటి ఆన్ మార్గ్రెట్ ఆన్ మార్గ్‌రాక్ ఎందుకయిందో చాలామంది పిల్లలకి పట్టలేదు, పట్టనక్కర్లేకపోయింది. మూడుచక్రాల సైకిలు పెడళ్లు వదిలేసి కాళ్లు నేలకి తన్ని తోలడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

ప్రతి ఎపిసోడ్ చివర, పేర్లు పడేటప్పుడు, ఫ్రెడ్డు రాత్రికి కోరపళ్ల పిల్లిని ఎత్తుకెళ్లి గుమ్మం బయట పెడతాడు. పిల్లి కిటికీలోంచి లోపలికి దూకి, ఫ్రెడ్డునే బయట పెట్టి తలుపేసుకుంటుంది. వాడు తలుపు బాదుతూ వీధంతా లేచేలా ‘విల్మా!’ అని అరుస్తాడు. తలుపు తీసినట్టు చూపించరు.