ఇరవై రెండు యూరోల దొరవారికి

మహారాజశ్రీ మధ్యవర్తి బ్యాంకు దొరవారి సముఖానికి, చింతామణి తాలూకా నుంచి ఒక టమోటా రైతు రాసుకునే విన్నపం.

తమరి పేరు తెలియదు, ఊరు తెలియదు. న్యూయార్క్ అని ఒకరన్నారు, ఫ్రాంక్‌ఫర్ట్ అని ఇంకొకరన్నారు. చిరునామా దొరకలేదు కాబట్టే నలుగురి ముందూ చదువుతున్నాను.

ముందు నా సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడతాను, కన్నడంలో సంతకం పెడతాను, బ్యాంకులో ఇంగ్లీషు ఫారం ఎవరిచేతనన్నా నింపిస్తాను. చింతామణి, బాగేపల్లి వైపు చాలామంది బతుకు ఇంతే. 2025లో మా అమ్మాయి జర్మనీలో చదువుతానంది. అక్కడి సర్కారు యూనివర్సిటీల్లో చాలావాటికి ఫీజు లేదంటే సంతోషించాను. ఫీజు లేదు గానీ, ఏడాది తిండికీ అద్దెకూ 11,904 యూరోలు ముందే ఒక ఖాతాలో వేసి తాళం పెట్టించాలట. పిల్ల అక్కడికి చేరాక నెలకు 992 చొప్పున వదులుతారట. ఆ ఖాతా నిండిందన్న కాగితం ఉంటేనే వీసా.

కార్డుతో కట్టేద్దామన్నాడు మా తమ్ముడి కొడుకు. పరాయి దేశపు చెల్లింపుకు కార్డులవాళ్ళు మామూలుగా నూటికి మూడున్నర వేస్తారు, ఆ మూడున్నర మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13. పన్నెండు లక్షలకు 49,560 రూపాయలు. వాడికి కాఫీ ఇచ్చి పంపించాను.

బ్యాంకుకే వెళ్ళాను. ఏ2 ఫారం, పాన్ కార్డు, అడ్మిషన్ ఉత్తరం. ‘పంపేందుకు చార్జీ వెయ్యి, జీఎస్టీ 180, అంతే సార్’ అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అంతేనా అని రెండుసార్లు అడిగాను. అంతే అన్నాడు. ఫోన్లో యూరో 102 రూపాయలు చూపిస్తోంది, ఆయన కాగితం మీద 103.50 ఉంది. ఇదేంటప్పా అంటే, ‘అది చార్జీ కాదు సార్, రేటు’ అన్నాడు. ఇంటికొచ్చి గుణించాను. 11,904 ఇంటూ ఒకటిన్నర, 17,856 రూపాయలు. 1,180కి రశీదు ఇచ్చారు, 17,856కి ఇవ్వలేదు. బేరమాడితే రేటు కాస్త దిగుతుందని నాకు తర్వాత తెలిసింది. టమోటా బాక్సుకు ఐదు రూపాయల కోసం గొంతు చించుకునేవాణ్ణి, అక్కడ ఏసీ చల్లదనానికి నోరు పెగల్లేదు.

రేటు సంగతి ఆరా తీస్తే ఒకరు చెప్పారు: రిజర్వు బ్యాంకు చొరవతో 2019లో ఎఫ్‌ఎక్స్ రీటెయిల్ అని ఒకటి మొదలైంది, మామూలు మనిషి కూడా బ్యాంకులు తమలో తాము కొనుక్కునే ధరకు దగ్గరగా కొనొచ్చు, పైన బ్యాంకు తన కమీషను విడిగా చెప్పాలి. విని ఎగిరి గంతేశాను. తీరా చూస్తే అది డాలరు సంత. నాకు కావలసింది యూరో.

సర్కారు కూడా చెయ్యి పెట్టింది లెండి. చదువుకైనా సరే, ఏడాదిలో పంపింది పది లక్షలు దాటితే, దాటిన దాని మీద 2025లో 5 శాతం టీసీఎస్ అనే పన్ను ఉండేది. లోను డబ్బైతే 2025 ఏప్రిల్ నుంచి మాఫీ, నాది పట్టుగూళ్ళూ టమోటాలూ అమ్మిన డబ్బు. పదకొండు వేల పైచిలుకు పట్టుకున్నారు. సేద్యం చేసుకునేవాణ్ణి, ఇన్నేళ్ళలో రిటర్న్ వేసిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆ పదకొండు వేలు వెనక్కి రాబట్టుకోను వెయ్యాలి. అయినా కోపం లేదు. 26ఏఎస్ అనే కాగితంలో నా పేరు పక్కన పైసలతో సహా రాసిపెట్టారు.

ఇక తమరి దగ్గరకు వస్తాను. పంపిన నాలుగో రోజు అమ్మాయి వచ్చి, ‘నాయినా, ఖాతాలో 11,882 పడింది’ అంది. ఇరవై రెండు తక్కువ. ఖాతా నిండలేదు, కాగితం రాదు. బ్యాంకులో అడిగితే మేం పూర్తిగా పంపాం అన్నారు. జర్మనీ వాళ్ళు మాకొచ్చింది ఇంతే అన్నారు. తమరు ఒకరున్నారని నాకు అప్పుడు తెలిసింది.

డబ్బు సముద్రం దాటదట, కబురే దాటుతుందట. 1973లో బెల్జియంలో పెట్టిన స్విఫ్ట్ అనే సంస్థ ఆ కబుర్లు మోస్తుంది. మా బ్యాంకుకూ ఆ బ్యాంకుకూ నేరుగా లెక్కలు లేకపోతే, ఇద్దరికీ తెలిసిన మూడోవాడు కావాలి. తమరు ఆ పెళ్ళిళ్ళ పేరయ్య. కానీ పేరయ్య పెళ్ళికి వచ్చి, ముందు వరసలో కూర్చుని, తన పంచె తాను అడిగి తీసుకుంటాడు.

ఫారంలో ఓ మూల మూడు గళ్ళున్నాయి: ఓయూఆర్, ఎస్‌హెచ్‌ఏ, బీఈఎన్. మొదటిదానికి టిక్కు పెడితే దారి ఖర్చంతా నాది. రెండోదైతే మా బ్యాంకు చార్జీ నాది, దారిలో కోతలు పిల్లవి. మూడోదైతే అన్నీ పిల్ల నెత్తినే. నా టిక్కు రెండోదానికి పడింది. ఎవరు పెట్టారో నాకు గుర్తు లేదు, సంతకం మాత్రం నాదే.

రెండోసారి ఇరవై రెండు యూరోలు పంపాను, మొదటి గడికి టిక్కు పెట్టి. పంపినందుకు 1,180, తమరి కోత నేనే ముందుగా కట్టినందుకు ఇంకో 1,180. ఇరవై రెండు యూరోలు చేర్చడానికి ఇంచుమించు ఇరవై మూడు యూరోలైంది. మా ఆవిడ నవ్విన నవ్వు జర్మనీ దాకా వినబడి ఉంటుంది. మొదటిసారే యాభై ఎక్కువ పంపుంటే ఈ తంటా లేదు.

దొరవారూ, కోతలు మాకు కొత్త కాదు. మండీలో కమీషను ఉంది, తరుగు ఉంది, హమాలీ ఉంది. అన్నీ పట్టీ మీద ఉంటాయి, తిట్టుకోవడానికి ఎదురుగా మనిషి ఉంటాడు. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్లో నా లాటు ఎంతకు పోయిందో నాకు తెలుస్తుంది. బాగేపల్లి టోల్‌గేటు దాటితే ఎంత కోశారో ఫోన్లో మెసేజు వస్తుంది. తమరి కోత గురించి మాత్రం ముప్పైఆరు అక్షరాల గుర్తు నంబరు ఒకటి ఇచ్చారు, దాన్ని పట్టుకుని వెతుక్కోమన్నారు. నా కళ్ళద్దాలకు అది అందలేదు.

మేం కొలిచే యోగి కైవారం తాతయ్య గాజులమ్ముతూ డబ్బులడగడం మరిచిపోయేవాడని పెద్దలు చెబుతారు. తమరిని అంత దూరం రమ్మనడం లేదు. ఇరవై రెండు తీసుకున్నామని ఒక చీటీ పంపండి చాలు. తెలుగైనా సరే, కన్నడమైనా సరే. ఇంగ్లీషైతే చదివించుకుంటాను.

ఇట్లు,
11,904 ఒకసారి, 22 ఒకసారి పంపినవాడు

తా.క. అమ్మాయి క్షేమంగా చేరింది. విమానాశ్రయంలో కాఫీకి కార్డు గీకితే మిషను ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగిందట. రూపాయలంటే రేటు అది కడుతుందని తెలిసి యూరో నొక్కిందట. నాకు ఫోన్ చేసి మొదట చెప్పిన సంగతి ఇదే, ఆ తర్వాతే చలి గురించి.