గుర్రం వారబ్బాయి

గుంటూరు బ్రాడీపేటలో పై వాటా ఖాళీగా ఉందంటే, మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి వెంటబెట్టుకెళ్ళాను. ఇంటాయన తెలుగు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మంచి మనిషి. "మాంసం తింటారా?" అని చుట్టుతిప్పి అడిగే రకం కాదు.

"ఇంటిపేరేమిటి బాబూ?" అన్నారంతే.

"గుర్రం అండీ."

మాస్టారు కాస్త ఇరుకున పడ్డారు. కొన్ని ఇంటిపేర్లు చెవిన పడగానే మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పేస్తాయి. గుర్రం అలా కాదు, ఒక్క కులానికి కట్టుబడి ఉండదు.

"రామన్నపేట నుంచి మూడుసార్లు గెలిచిన కమ్యూనిస్టు ఎమ్మెల్యే, గుర్రం యాదగిరిరెడ్డి గారు... ఆ నల్గొండ వైపా?" గొంతులో ఆశ.

"కాదండీ. మాది వినుకొండ."

"వినుకొండా! జాషువాగారి ఊరు!"

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. 'గబ్బిలం' పద్యాలు రాగం తీసి చదివారు. చెళ్ళపిళ్ళ వారంతటివారు ఆ కవి కాలికి గండపెండేరం తొడిగిన వైనం చెప్పారు. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్, జోగినీ దురాచారం మీద కూతురు హేమలతా లవణం చేసిన పోరాటం, అన్నీ వరసగా వచ్చాయి. ఏటా సెప్టెంబరు 28న జయంతి సభలో ప్రధానోపన్యాసం తనదేనట.

"రైల్లో ఎవరో ఆయన పద్యాలు విని పొంగిపోయాడట బాబూ. తీరా కులం అడిగి, తెలియగానే ఛీత్కరించి లేచిపోయాడట. ఆ మహాకవికి ఎంత అవమానం! ఎంత నీచం!"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకూ గొంతు పట్టేసింది. ఇలాంటి ఇంటివాళ్ళు దొరకడం కుర్రాడి అదృష్టమే అనుకున్నాను. వాడు మాత్రం ఏమీ అనుకున్నట్టు లేదు, చెప్పులు విడిచిన గడప వైపే చూస్తున్నాడు.

"ఇంతకీ మీరు ఆయనకేమవుతారు?"

"ఏమీ కామండీ. ఇంటిపేరొక్కటే."

మాస్టారు గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలారు. వంటింటి వైపు తిరిగి కేకేశారు.

"ఏమేవ్! వాళ్ళు కారటే! తాళాలు పట్రా!"