మొగులుకు హారన్ కొట్టేవారు

మే నెల, సాయంత్రం నాలుగున్నర. తాండూరు నుంచి వికారాబాద్ వస్తున్నాను. ధారూరు దాటేసరికి ఎదురుగా అనంతగిరి మీద మొగులు పట్టింది. అడుగున కాటుక, పైన గోబిపువ్వు. గాలిదుమారం లేచి రోడ్డు మీది దుమ్మంతా అద్దానికి కొడుతోంది. నా ముందు నాపరాళ్ల లారీ. దాని ముందు వడ్ల ట్రాక్టర్. నా వెనక, నా చిన్న కారు డిక్కీని వాసన చూస్తున్నంత దగ్గరగా, ఒక తెల్లటి పెద్ద బండి. ఆ బండి హారన్ మీద ఎవరో చెయ్యి వేసి తీయడం మరిచిపోయినట్టున్నారు. పైన మొగులు ఉరుముతోంది, వెనక ఈయన మోగుతున్నాడు. ఉరుము కనీసం మధ్యమధ్య ఊపిరి తీసుకుంటోంది.

ఆ హారన్ ఎవరికో నాకు చాలాసేపు అంతుపట్టలేదు. నాకే అనుకుందాం. నేను జరిగితే ఆయనకు దొరికేది లారీ వెనక తలుపు, దాని మీద రాసిన ‘హారన్ ప్లీజ్’. బహుశా చదువుకున్నాయన, రాసింది రాసినట్టు పాటిస్తున్నాడు. లారీ జరిగితే ట్రాక్టర్. ట్రాక్టర్ కూడా జరిగితే? ఇక మిగిలింది మొగులు. దానికీ కొడతాడు: జరుగవయ్యా, ఇంటికి పోవాలె అని.

మన వైపు ఇదొక మతం. పేరు ‘వాన పట్టకముందే పోదాం’. చేలో ఉన్నవాడు అంటే అందులో అర్థం ఉంది, వాడు పోయేది కొట్టంలోకి. కార్లో ఉన్నవాడు అంటేనే చిక్కు. ఎందుకంటే మా సంగతిలో వాన వెనక తరుముకొస్తున్నది కాదు, ఎదురుగా కూర్చుని ఉంది. దాని నుంచి పారిపోవడానికి, దానిలోకి, 80 వేగంతో, దారిలో ఉన్న ప్రతి ఒక్కడినీ పక్కకు తోసి పోవాలి. ఉతికిన బట్టలు తడుస్తాయని వాటిని పట్టుకుని చెరువులోకి పరుగెత్తినట్టు.

పోనీ, లెక్కే చేద్దాం. తాండూరు, వికారాబాద్ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. 40 వేగంతో పోతే గంట. 60తో పోతే 40 నిమిషాలు. కాబట్టి 20 నిమిషాలు మిగులు అని కాగితం అంటుంది. కాగితం మీద బర్రెలుండవు. ఊరూరికీ ఉండే స్పీడ్ బ్రేకర్లు, అందులో ఊరివాళ్లు సొంతంగా పోసుకున్నవి, అనంతగిరి మలుపులు, మలుపులో కోతికి మొక్కజొన్న కంకి పెడుతున్న పట్నం కుటుంబం, ఇవేవీ ఉండవు. చివరికి మిగిలే నాలుగు నిమిషాల కోసం ఆయన ఎదురు లైనులోకి దూరుతున్నాడు. ఎదురు లైను గురించి తాండూరు వాళ్ల ముందు పరాచికాలు ఆడకూడదు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర తాండూరు డిపో బస్సుకూ ఎదురుగా వచ్చిన కంకర టిప్పర్‌కూ మధ్య జరిగింది ఈ దారిలో అందరికీ తెలుసు. 19 మంది పోయారు. ఆ తర్వాత మా బస్సుల్లో కొన్నాళ్లు కిటికీ పక్క సీటు కోసం ఎవరూ కొట్లాడుకోలేదు.

అసలు ఆ లారీ ఎందుకంత మెల్లగా పోతున్నదో హారన్ కొట్టేవాడు ఎన్నడూ అడగడు. నేను అడిగాను, ఆ రోజు కాదు, అంతకుముందెప్పుడో ఒక పాలిషింగ్ యూనిట్ దగ్గర లోడ్ ఎక్కిస్తుంటే. నాపరాళ్లను పడుకోబెట్టరు. అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి, పుస్తకాల బీరువా సర్దినట్టు పేరుస్తారు. డ్రైవర్ బీడీ ఆర్పి, “సార్, నేను బ్రేక్ కొడితే లారీ ఆగుతది. లోపలి బండ ఆగదు. సీదా నా నడుంకే వస్తది,” అన్నాడు. అంటే ఆ లారీ మెల్లదనం వెనక ఒక మనిషి వెన్నెముక ఉంది. మన తెల్లబండి ఆయన కోరేది, వానలో, దిగుడులో, ఆ మనిషి కాస్త చురుగ్గా ఉండాలని.

ట్రాక్టర్ సంగతి ఇంకా చిత్రం. ఆ రోడ్డు మీద నిజంగా తొందర ఉన్నవాడు ఒక్కడే, ఆ ట్రాక్టర్ నడిపే పెద్దాయన. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. ఎండబోసిందంతా ఒక్క జల్లుతో మళ్లీ మొదటికొస్తుంది. ట్రాలీ మీద కప్పిన టార్పాలిన్ ఒక మూల ఊడి రెపరెపలాడుతోంది. ఆరు నెలల కష్టం నెత్తిన మొగులు పెట్టుకుని 15 వేగంతో పోతోంది, ఎందుకంటే అంతకు మించి పోతే ట్రాలీ బోల్తా. ఆయన హారన్ కొట్టడం లేదు. ఆ ట్రాక్టర్‌కు హారన్ ఉందని కూడా నాకు నమ్మకం లేదు. వెనక ఏసీలో కూర్చున్నాయనకు మాత్రం తడిసేందుకు టైర్లు తప్ప ఏమీ లేవు. ఆ టైర్ల మీద ఆయనకు అంత మమకారం.

మొదటి చినుకులు పడ్డాయి. ఇక్కడ తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మొదటి పది నిమిషాల వాన, ఆ తర్వాతి గంట వాన కన్నా దగాకోరుది. రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ కడుక్కుపోక ముందు తడిసి జారుడు పూత అవుతాయి. మిగతా ఊళ్లలో అది మామూలు దుమ్ము. మా తాండూరు రోడ్ల మీద సిమెంటు పొడి, బండల పొడి, ఎర్రమట్టి మూడూ కలిసిన ప్రత్యేక మిశ్రమం. తాండూరు కందులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, తాండూరు దుమ్ముకు ఇంకా రాలేదు, అన్యాయం. దాని మీద నాలుగు చినుకులు పడితే సబ్బు. సరిగ్గా అప్పుడే మన హారన్ ప్రభువు ఒక శాస్త్రీయ జాగ్రత్త తీసుకున్నాడు. నాలుగు ఇండికేటర్లూ వెలిగించాడు.

ఈ నాలుగు ఇండికేటర్ల దీపారాధన ఎవరు కనిపెట్టారో గానీ ఊరూరా పాకింది. అవి బండి చెడిపోయి ఆగినప్పుడు పెట్టుకునేవి. పోతున్న బండికి నాలుగూ వెలిగితే ఎడమకా, కుడికా, నేరుగానా, స్వర్గానికా అన్నది వెనకవాడు ఊహించుకోవాలి. పెట్టుకున్నాయన లెక్క వేరు. ఆయన దృష్టిలో అది బండికి కట్టిన తాయెత్తు. అది వెలుగుతున్నంతసేపు ఎంత వేగంగా పోయినా, ఏ మలుపులో దూరినా దోషం అంటదు. దానికి తోడు హైబీమ్. వానలో హైబీమ్ వేస్తే ఆ వెలుగు చినుకుల మీద పడి తిరిగి తన కళ్లలోకే కొడుతుంది. తనకు కనిపించకపోయేసరికి, ముందువాడు అడ్డం ఉన్నాడని మళ్లీ హారన్.

ఇటువంటివారికి ఒక సోదర శాఖ కూడా ఉంది. వాళ్లకు అసలు తొందరే ఉండదు. 2023 మార్చి 16న మర్పల్లి వైపు రాళ్లవాన పడింది. అలాంటిలాంటిది కాదు, పొలాలూ రోడ్లూ తెల్లగా కప్పుకుపోయాయి. ఇది కాశ్మీరా, వికారాబాదా అని దేశమంతా వీడియోలు తిరిగాయి. పంట పోయిన రైతు చేలో నిలబడి తల పట్టుకుంటే, రోడ్డు మీద బండి ఆపినవాడు ఫోన్ పట్టుకున్నాడు. అప్పటినుంచి మొగులు కాస్త రంగు మారితే చాలు, అనంతగిరి మలుపుల్లో కార్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. పక్కకు కాదు, నడిరోడ్డు మీద, తలుపులు రెండు వైపులా రెక్కల్లా తెరిచి. లోపల పాట, బయట పిల్లవాడు, పైన పిడుగు. ప్రమాదం కలిగేటట్టు బండిని రోడ్డు మీద వదలడం గురించి మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ ఒకటి ఉంది. చదివినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు కూడా ఆ ఆగిన కార్ల వెనకే చిక్కుకుని ఉంటారు.

మొగులు వెనక ఎగబడే సరదా మనదొక్కటే కాదు. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో సుడిగాలులను వెంబడించేవాళ్ల పెద్ద దండే ఉంది. కొందరు శాస్త్రవేత్తలు, చాలామంది వేడుక చూసేవాళ్లు. 2013 మే 31న ఎల్ రీనో ఊరి దగ్గర లేచిన సుడిగాలి వెడల్పు 4 కిలోమీటర్లు దాటింది. చూసేవాళ్ల కార్లూ, పారిపోయేవాళ్ల కార్లూ కలిసి దారులు క్రిక్కిరిశాయి. ఏళ్ల తరబడి సుడిగాలుల మీదే పనిచేసిన టిమ్ సమారస్, ఆయన కొడుకు, వాళ్ల తోటి పరిశోధకుడు, ముగ్గురూ ఆ రోజు ఆ సుడిగాలికే పోయారు. ఎంతో తెలిసినవాళ్లకే దారి ఇవ్వని గాలి అది. మన దగ్గర ఆ పాటి గాలి లేదు, దేవుడి దయ. ఆ పాటి ధైర్యం మాత్రం ప్రతి శనివారం పట్నం నుంచి బయలుదేరి వస్తుంది.

ఇక పిడుగు. ఇందులో ఒక తమాషా ఉంది. పిడుగు పడేటప్పుడు అద్దాలు ఎత్తుకుని కార్లో కూర్చున్నవాడికి భయం తక్కువే, కరెంటు ఇనుప ఒంటి మీదుగా నేలకు పోతుంది. మర్రిచెట్టు కింద మోటారు సైకిల్ ఆపినవాడికి ఆ భాగ్యం లేదు. మెరుపు కనిపించాక ఉరుము వినపడటానికి మూడు సెకన్లు పడితే అది దాదాపు ఒక కిలోమీటరు దూరం. పిడుగు ఎక్కడెక్కడ పడుతున్నదో చెప్పడానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ ‘దామిని’ అని యాప్ కూడా చేసి పెట్టింది. ఇన్ని ఏర్పాట్లుండగా మన తెల్లబండి ప్రభువు ఏం చేశాడు? కేరెళ్లి దాటాక లారీ కాస్త నెమ్మదించగానే బండి ఆపి, తలుపు తీసుకుని, వానలోకి దిగి, లారీ డ్రైవర్ మీద చెయ్యెత్తి, “రోడ్డు నీ అయ్యదా?” అని అరిచాడు. ఆ సమయానికి ఆ చుట్టుపక్కల నేల మీద అన్నింటికన్నా నిటారుగా నిలబడిన వస్తువు ఆయన చెయ్యే. మెరిసింది. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు... ఆయన మూడుకు కార్లో ఉన్నాడు. ఆ సాయంత్రం ఆయన చూపించిన వేగంలో పనికొచ్చింది అదొక్కటే.

లారీ డ్రైవర్ బదులు చెప్పలేదు. చేత్తో ముందుకు చూపించాడంతే.

ముందు ఏముందో చెప్పే ముందు, వాగుల సంగతి ఒకటి చెప్పి తీరాలి. అనంతగిరి మీద పడిన వాన తూర్పుకు మూసీ అవుతుంది, పడమటికి కాగ్నాలో కలుస్తుంది. ఎటు పోయినా, ఒకటి నేరుగా, ఒకటి భీమా మీదుగా, చివరికి చేరేది కృష్ణకే. ఆ పోవడంలో అవి దారికి అడ్డంగా కట్టిన ప్రతి కల్వర్టునూ పలకరించి పోతాయి. అటువంటి పొంగే కల్వర్టు ముందు ఎవరైనా బండి ఆపితే వెనకవాళ్లకు ఒళ్లు మండుతుంది. “పో పో, ఏం గాదు, మోకాలు మట్టమే” అని అరుస్తారు. అరిచినవాళ్లు మాత్రం దిగరు. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం 2,900 ఎకరాల్లో జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రం కడుతున్నదంటే, సముద్రం లేని జిల్లాలో ఎందుకని అందరూ నోరు నొక్కుకున్నారు. మా కార్లను చూశాకే కడుతున్నారని నా అనుమానం.

ఇక్కడ నవ్వు ఆపుతాను. 2021 ఆగస్టు 29, ఆదివారం, మర్పల్లి మండలం తిమ్మాపూర్ వాగులో పెళ్లివారి కారు కొట్టుకుపోయింది. అత్తవారింటికి బయలుదేరిన కొత్త పెళ్లికూతురు పోయింది. పారే నీరు అడుగు లోతు ఉంటే చిన్న కారు తేలుతుంది. ఈ లెక్క తెలియడానికి చదువు అక్కర్లేదు, ఆ వాగు గట్టున పశువులు మేపే ఎవరిని అడిగినా చెబుతారు. అడగాలంటే అద్దం దించాలి, దించితే ఏసీ పోతుంది. వాగు ముందు బండి ఆపి, వెనక పది హారన్లు మోగుతున్నా కదలకుండా కూర్చున్న ఏ జీపు డ్రైవరో, ఆటోవాడో కనిపిస్తే నాకు దండం పెట్టాలనిపిస్తుంది. వాడి పేరు ఏ పేపర్‌లోనూ రాదు. రాకపోవడమే వాడి ఘనత.

మళ్లీ మా ఘాట్‌కు వస్తాను. లారీ డ్రైవర్ చెయ్యి చూపించిన కాసేపటికి, మలుపు దగ్గర సందు దొరికింది. తెల్లబండి నన్ను దాటింది, లారీని దాటింది, ట్రాక్టర్‌ను దాటింది. దాటుతూ ఆ పెద్దాయన మీద బురద చిమ్మింది. నాలుగు ఇండికేటర్లూ పండగలా మెరుస్తూ మలుపు తిరిగి మాయమైంది. ఆహా, గెలిచాడు అనుకున్నాను.

మలుపు తిరిగితే రోడ్డుకు అడ్డంగా చెట్టు. గాలికి వేళ్లతో సహా లేచి పడుకుంది. దాని ముందు, అందరికన్నా మొదట ఆగిన గౌరవంతో, తెల్లబండి. దాని వెనక ట్రాక్టర్ వచ్చి ఆగింది, ఆ వెనక లారీ, ఆ వెనక నేను. దాటక ముందు కూడా మా వరుస దాదాపు ఇదే.

ఉరుములు దూరమయ్యేదాకా ఎవరం దిగలేదు. వాన సన్నబడ్డాక లారీ క్లీనర్ పిల్లగాడు మోకు పట్టుకుని దూకాడు. పెద్దాయన తలకు చుట్టుకున్న తువ్వాల పిండుకుని, ట్రాలీ కొక్కెం విప్పి, ట్రాక్టర్‌ను ఒక్కదాన్నే ముందుకు తెచ్చి, మోకు కట్టించాడు. చెట్టు ఒక జానెడు కదిలింది. మోకు బిగిసింది. ట్రాక్టర్ ముందు చక్రాలు కాస్త పైకి లేచాయి. అందరం ఊపిరి బిగబట్టాం.

వెనక నుంచి హారన్ మోగింది.

పెద్దాయన సీటు మీద నుంచే తల తిప్పి చూశాడు. “కొట్టకు బిడ్డా,” అన్నాడు, “చెట్టుకు చెవులు లెవ్వు.”