సముద్రాన్ని కాదన్న ఊళ్లో బీచ్

పాల్వంచలో ఆదివారం పూట ఇంట్లోవాళ్లను ఎక్కడికైనా తీసుకుపోవాలంటే రెండే దార్లు. ఒకటి పెద్దమ్మ గుడి, రెండోది కిన్నెరసాని డ్యామ్. గుడికైతే కోడి ఖర్చు, డ్యామ్‌కైతే బోటు ఖర్చు. డబ్బు ఖర్చు లేకుండా చూసేది ఒక్కటే ఉండేది, మా ఊరి థర్మల్ కరెంటు కేంద్రం కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు. 2024 ఆగస్టు 5న ఆ ఎనిమిదింటినీ మందుపెట్టి కూల్చేశారు. ఆరోజు ఊరు ఊరంతా మిద్దెలెక్కి ఫోన్లు పట్టుకుంది. తర్వాత ఆదివారం నుంచి మళ్లీ గుడీ, డ్యామూ.

అందుకని ఇప్పుడు మావాళ్లకు బీచ్ కావాలి. అది కూడా ఏదో ఒక బీచ్ కాదు. ఫోన్లో చూసిన బీచ్. దానికి మూడు లక్షణాలు రాసి ఉన్నాయి: ప్రశాంతంగా ఉంటుంది, పిల్లాపాపలతో పోవచ్చు, చుట్టుపక్కల జనానికి మహా ఇష్టం. జనమంతా ఇష్టపడి వచ్చేచోట ప్రశాంతత ఎట్లా మిగిలిందని అడిగాను. మా బామ్మర్ది ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు.

"చూడు బావా, ఒక్క మనిషన్నా కనబడుతున్నాడా?"

నిజమే, లేడు. తీసినవాడు తెల్లవారుజామున కోడి కూయకముందే పోయి తీసుంటాడు. కింద చూస్తే ఆ ప్రశాంతతను అప్పటికి లక్షల మంది చూశారు. వాళ్లందరికీ ఆదివారమే సెలవు.

తెలంగాణకు సముద్రం లేదన్న సంగతి చిన్నప్పుడు మ్యాపు గీసిన ప్రతివాడికీ తెలుసు. 2014 జూన్ 2న పంపకాలైనప్పుడు ఆఫీసుల్లో కుర్చీలూ బీరువాలూ కూడా వదల్లేదు. జనాభా లెక్కన 58, 42 అని వాటాలేశారు. కృష్ణా నీళ్లకు ట్రిబ్యునల్, తొమ్మిదో షెడ్యూలు సంస్థలకు కమిటీ, పదో షెడ్యూలు సంస్థలకు కోర్టు. 974 కిలోమీటర్ల సముద్రతీరం మాత్రం ఏ రాయీ పడకుండా అటువైపు వెళ్లిపోయింది. నలభై రెండు శాతం లెక్కన మనకు నాలుగొందల కిలోమీటర్లకు పైనే రావాలి. ఒక్క నాయకుడు నోరు విప్పలేదు. పైగా మా వైపు లెక్క ఇంకా విచిత్రం. భద్రాచలం పట్టణం ఇటుండి, చుట్టూ ఉన్న ఊళ్లు అటు పోయాయి. సముద్రం రాకపోగా ఒడ్డే తరిగిపోయింది.

రాజధాని జనం మనలా ఊరుకోరు. హైదరాబాద్ పక్కన కొత్వాల్‌గూడలో 35 ఎకరాల్లో, 225 కోట్లతో కృత్రిమ బీచ్ కడతారని 2025లో వార్తలొచ్చాయి. ఇసుక తెచ్చి పోస్తారు, అలలు మిషన్ వేస్తుంది. కరెంటు పోతే సముద్రం ఆగిపోతుంది కాబట్టి జనరేటర్ కూడా పెడతారేమో. ఆ కరెంటులో కొంత మా పాల్వంచదే. బొగ్గు మాది, బూడిద మాది, అలలు వాళ్లవి.

మాకు సముద్రం రాకపోవడానికి పునర్విభజన చట్టం కంటే పాత కారణం ఒకటుంది. విశ్వనాథ సత్యనారాయణ గారి 'కిన్నెరసాని పాటలు' చదివినవాళ్లకు తెలుసు. అత్త పెట్టిన బాధలు పడలేక ఇల్లు వదిలి అడవికొచ్చిన కోడలు కిన్నెర ఏడ్చి ఏడ్చి మా కిన్నెరసాని వాగైపోతుంది. వెంటబడిన మొగుడు రాయైపోతాడు. ఆ పిల్ల సంగతి విని సముద్రుడు మనసుపడ్డాడు, పొంగి మరీ బయల్దేరాడు. కిన్నెర హడలిపోయి గోదావరి ఒడిలో దూరింది. అంటే సముద్రం మా ఊరి దాకా సంబంధం కలుపుకోవాలని చూసింది. మా పిల్లే వద్దంది. ఆనాడు ఆవిడ సరే అనుంటే ఇవాళ యానంబైలు దగ్గర ముంతమసాలా బండ్లు, గుర్రపు స్వారీలు, గాలిపటాలు... పాల్వంచ రియలెస్టేట్ వాళ్లు ఈ సంగతి ఇంకా చదివినట్టు లేరు. చదివితే విశ్వనాథ వారి మీద కేసేస్తారు.

ఇప్పుడా కిన్నెరసాని దగ్గర కాళ్లు తడుపుకుందామా అంటే కుదరదు. అది రిజర్వాయరు, నిండితే నీటిమట్టం 407 అడుగులు. నీళ్లు కరెంటు ప్లాంటువి. చుట్టూ అడవి అభయారణ్యం, 600 చదరపు కిలోమీటర్లు దాటి ఉంటుంది. నీళ్లలో మొసళ్లు. అభయం ఎవరికిచ్చారో బోర్డు చదివితే తెలుస్తుంది, మనకైతే కాదు. పిల్లలు దిగితే మొసలి హక్కులకు భంగం, దిగకపోతే మన ఆదివారానికి భంగం. మొసళ్లదే పైచేయి అయింది, సబబే. అక్కడ స్థానికులంటే అవే కదా.

నిజమైన సముద్రం కావాలంటే బాపట్ల దగ్గర సూర్యలంక. ఉమ్మడి ఖమ్మం జిల్లావాళ్లకు అది అత్తారి ఊరంత అలవాటు. రాత్రి అన్నం తిని బండి ఎక్కితే తెల్లారేసరికి ఇసుకలో ఉంటారు. బగారన్నం, కోడికూర డబ్బాల్లోనే ఉంటాయి. సముద్రపు చేపలు తిందామని పోయి ఇంటి కోడిని తిని వచ్చేది మనమే. అలలు ఎక్కువున్నరోజు పోలీసులు నీళ్లలోకి పోనివ్వరు. అప్పుడు రాత్రంతా ప్రయాణం చేసినవాళ్లు ఒడ్డున వరసగా కూర్చుని, కట్టిన తాడు వంక చూస్తారు. తాడుకు అవతల సముద్రం, ఇవతల తెలంగాణ. విభజన అంటే ఇదేనని అక్కడ స్పష్టంగా అర్థమవుతుంది.

"అంత దూరమెందుకు, గోదారి లేదా మనకు?" అంది మా అత్తమ్మ. పెద్దావిడ మాట. బూర్గంపాడు దాటి ఒడ్డుకు పోయాం. వానలు వెనకపట్టి నీళ్లు పక్కకు జరిగితే గోదావరిలో బయటపడే ఇసుక తిన్నెలకు ఏ సముద్రమూ సాటిరాదు. తెల్లగా, మెత్తగా, కనుచూపు మేర. టెండరు లేకుండా, శిలాఫలకం లేకుండా, ఏటా వరదే తెచ్చి పోసి పోతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులొచ్చింది, 2022లో 71.3. ఇళ్లు ముంచి, ఇసుక ఇచ్చి వెళ్లే దాత అది.

దుప్పటి పరిచి డబ్బాలు విప్పామో లేదో వెనక హారన్. చూస్తే టిప్పర్. డ్రైవర్ కుర్రాడు మర్యాదస్తుడు, దిగి వచ్చాడు.

"అన్నా, ఏమనుకోకు. బండి తిరగాలె, జర పిల్లల్ని పక్కకు జరుపు."

జరిగాం. ఇంకో బండి. మళ్లీ జరిగాం. దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని, అందులో అన్నం డబ్బాలతో సహా, మేం గోదావరి వైపు జరుగుతుంటే, గోదావరి ఆంధ్రా వైపు జరుగుతోంది. కుటుంబానికి ఒడ్డుదాకా దారి లేదు, కాళ్లు కాల్చుకుంటూ రావాలి. టిప్పర్‌కు ఏకంగా ఇసుక మీదే రోడ్డు వేశారు. ఏజెన్సీ కాబట్టి ర్యాంపు గిరిజన సొసైటీ పేరు మీద ఉంటుంది. కాగితం మీద పేర్లు వాళ్లవి. జేసీబీ ఎవరిదని మాత్రం అడక్కూడదు, అడిగితే అది కూడా హారన్ కొడుతుంది.

మా అన్న కొడుకు ఆరో తరగతి. వాడు ఇసుకతో గుడి కట్టి, దానికి వే బిల్లు కావాలా బాబాయ్ అన్నాడు. ఈ తరం పిల్లలకు సమాజ పరిశీలన ఎక్కువైంది.

ఇక్కడ నవ్వులాట కాని మాట ఒకటుంది. మిషన్ ఇసుక ఎత్తినచోట గొయ్యి పడుతుంది. నీళ్లొచ్చి నిండాక పైనుంచి మోకాలి లోతులాగే కనబడుతుంది. అడుగేస్తే నిలువు లోతు. అంచు ఇసుకే కాబట్టి పట్టుకుంటే చేతిలోకి జారి వస్తుంది. ఈతొచ్చినవాడు కూడా అక్కడ మునుగుతాడు. ఏటా ఎండాకాలం పేపర్లో 'స్నానానికి దిగి విద్యార్థుల మృతి' అని వస్తుంది. గొయ్యి ఎవరు తవ్వారో ఆ వార్తలో ఉండదు. గోదావరి మింగింది అని రాసేస్తారు. పాపం దానికి లాయరు లేడు.

మేం పిల్లల్ని నీళ్లలోకి దించకుండానే తిరిగొచ్చాం.

తర్వాత వారమే మా ఊళ్లో బీచ్ వెలిసింది. బామ్మర్ది ఇల్లు కడుతున్నాడు. ఆన్‌లైన్లో ఇసుక బుక్ చేస్తే, ఏ రాత్రో లారీ వచ్చి వీధి మధ్యలో కుమ్మరించి పోయింది. దొడ్డిసుక, గోదావరిది. మనం గోదావరికి పోతే కూర్చోనివ్వలేదని గోదావరే బిల్లుతో సహా ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం చూడాలి. వీధి పిల్లలంతా కుప్ప మీదే. ఒకడు ఇటునుంచి, ఒకడు అటునుంచి సొరంగం తవ్వి లోపల చేతులు కలిపి కేకలు పెడుతున్నారు. ఓ పిల్ల గౌను నిండా నత్తగుల్లలు ఏరింది. తెల్లటివి ఒక పక్క, విరిగినవి తమ్ముడికి. పక్కింటి ముసలమ్మ మోకాళ్ల నొప్పికి వెచ్చటి ఇసుక మంచిదని కాళ్లు కప్పెట్టుకుని కూర్చుంది. మా అత్తమ్మ వెళ్లి పక్కన చేరింది. ఇద్దరూ కలిసి కోడళ్ల సంగతి మొదలెట్టారు. కిన్నెర వింటే మళ్లీ వాగై పారేది. కుక్క తడి ఇసుకలో గుంట చేసుకుని పడుకుంది. ప్రవేశ రుసుము లేదు, పార్కింగ్ లేదు, మొసళ్లు లేవు, లోతు లేదు. మంచి బీచ్‌లకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఇచ్చేవాళ్లు ఏ దేశం నుంచొచ్చి చూసినా పిల్లి చేసిన పని తప్ప వేరే లోపం పట్టలేరు.

బామ్మర్ది ఊరుకుంటాడా! కుప్ప మీద పడుకుని, వెనక ఇళ్లు కనబడకుండా, సూర్యుడు దిగుతుండగా వీడియో తీసి పెట్టాడు. 'పాల్వంచలో ప్రశాంతమైన బీచ్, కుటుంబంతో రావచ్చు, స్థానికుల ఫేవరెట్.' ఒక్క అబద్ధం లేదు.

గురువారం మేస్త్రి వచ్చాడు. జల్లెడ నిలబెట్టి, "అమ్మా, కాళ్లు తీయండి. శనివారం స్లాబు" అన్నాడు. ముసలమ్మ కదల్లేదు. పిల్లలు బేరానికి దిగారు.

"తాతా, మళ్లీ ఇసుక ఎప్పుడొస్తది?"

"ప్లాస్టరింగుకు సన్నిసుక తెప్పిస్తా. ఇంకో రెణ్నెల్లు ఆగండి."

శనివారం మిక్సర్ తిరిగింది, సాయంత్రానికి స్లాబు పడింది.

ఆదివారం పొద్దున్నే కొత్తగూడెం వైపు నుంచి ఒక బండి వచ్చి వీధిలో ఆగింది. ముందు ఒక పిల్లాడు, మధ్యలో తండ్రి, వెనక తల్లి, ఆమె ఒళ్లో చంటిది, చేతికి వేలాడుతూ గాలి ఊదిన ట్యూబు. ఆయన ఫోన్లో వీడియో చూపిస్తూ మేస్త్రిని అడిగాడు.

"అన్నా, ఇక్కడ బీచ్ ఉందంట, ఎటు పోవాలె?"

మేస్త్రి నీళ్ల పైపు పట్టుకుని స్లాబు తడుపుతున్నాడు. పైనుంచే చెప్పాడు:

"మెట్లెక్కి పైకి రండి సార్. నీళ్లు కూడా పెడుతున్నా."