ఫైలు కదిలేలోపు రాడార్ పాతబడింది

మా రోజుల్లో కొత్త యుద్ధ విమానం వచ్చిందంటే, అది రన్‌వే మీద దిగాకే లోకానికి తెలిసేది. దాని ముక్కులో ఏ రాడార్ ఉందో మాలాంటి రాడార్ ఫిట్టర్లకు తప్ప బయటివాళ్లకు పట్టేది కాదు. మేమైతే ఇంట్లో కూడా నోరు విప్పకూడదు. మా ఆవిడ చాలాకాలం నేను రేడియోలు రిపేరు చేస్తాననే అనుకుంది.

ఇప్పుడో? సైనిక్‌పురిలో పొద్దున్నే పార్కుకెళ్తే చాలు, రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారొకరు దారికి అడ్డం నిలబడి, "వారెంటాఫీసరు గారూ, ఫ్రాన్స్ వాళ్ల రఫేల్ ఎఫ్-4 రకం తీసుకుంటే మోసపోమూ? తర్వాత వచ్చే ఎఫ్-5లో గాలియం నైట్రైడ్ రాడార్ పెడుతున్నారట కదా!" అంటారు. ఆయనింట్లో టీవీ రిమోట్‌కి బ్యాటరీలు మార్చాలంటే మనవడు రావాలి. గాలియం మాత్రం నోట్లో నానుతుంటుంది. పక్కనే చెవిలో తీగ పెట్టుకుని పరిగెత్తే ఐటీ కుర్రాడు ఆగి మరీ, "ఆగడమే బెటర్ అంకుల్, నెక్స్ట్ వెర్షన్ కోసం వెయిట్ చేద్దాం" అని సలహా పారేసి పోతాడు.

ఆగుదామట! ఆగి ఆగి ఎక్కడికొచ్చామో లెక్క చెప్తా వినండి.

పాత మిగ్-21ల చోట కొత్తవి కావాలని వాయుసేన విదేశాల నుంచి సమాచారం అడగడం మొదలుపెట్టింది 2001లో. 126 విమానాలకు టెండరు పత్రం బయటికొచ్చింది 2007 ఆగస్టులో. ఆ పత్రమే రెండొందల పేజీలు దాటింది. ఆరు కంపెనీలు వచ్చాయి. బెంగళూరు తేమలో, జైసల్మేర్ ఎండలో, లేహ్ చలిలో తిప్పి చూశారు. 2011లో రఫేల్, యూరోఫైటర్ మిగిలాయి. 2012 జనవరిలో రఫేల్ ధర తక్కువన్నారు. ఇక సంతకమే అనుకుంటే ఇంకో మూడేళ్లు బేరం. 2015 ఏప్రిల్లో ప్రధాని పారిస్ వెళ్లి, 126 సంగతి పక్కనపెట్టి 36 కొంటామన్నారు. 2016 సెప్టెంబరులో సంతకాలు. 2020 జులైలో మొదటి అయిదూ అంబాలాలో దిగాయి. చివరిది 2022 డిసెంబరులో వచ్చింది. 2001లో పుట్టిన పిల్లాడికి అప్పటికి ఓటు హక్కొచ్చి, డిగ్రీ కూడా చేతికొచ్చే వయసు.

మా రోజుల్లో? మిరాజ్-2000 చూడండి. పాకిస్థాన్‌కు అమెరికా ఎఫ్-16లు ఇస్తోందని తేలింది. 1982లో ఫ్రాన్స్‌తో 40 మిరాజ్‌లకు ఒప్పందం కుదిరింది. 1985 జూన్ కల్లా గ్వాలియర్‌లో ఏడో స్క్వాడ్రన్ వాటిని ఎగరేస్తోంది. మూడేళ్లలో అయిపోయిన పని! అప్పుడు టీవీలో గ్రాఫిక్స్ లేవు, రాత్రి తొమ్మిదింటికి ఎనిమిది మంది ఒకేసారి అరిచే కార్యక్రమాలు లేవు. బహుశా అందుకే అయిందేమో.

"మీ రోజుల్లో అన్నీ టైముకే వచ్చాయా అంకుల్?" అని ఆ కుర్రాడు ఒకసారి నిలదీశాడు. రాలేదయ్యా, నేనెప్పుడన్నాను? శత్రు భూభాగంలోకి లోతుగా దూసుకెళ్లి దాడి చేసే విమానం కావాలన్న మాట అరవైల్లోనే లేచింది. జాగ్వార్‌కు సంతకం పడింది 1978లో. స్వీడన్ వాళ్ల విగెన్ కూడా బరిలో ఉండేది. దాని ఇంజన్‌కు మూలం అమెరికాది కాబట్టి, ఇండియాకు అమ్మడానికి వీల్లేదని అమెరికా అడ్డుపడింది. ఈ ఇంజన్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను. కానీ సంతకం అయ్యాక ఏం జరిగిందో చూడండి. బ్రిటన్ వాయుసేన తన సొంత జాగ్వార్లు అప్పుగా ఇచ్చింది. 1979 జులైలో అవి ఇదే అంబాలాలో దిగాయి. సంతకమైన ఏడాదికే మన పైలట్లు వాటి మీద చేయి తిప్పుకోవడం మొదలెట్టారు. నిర్ణయానికి ఎంత ఆలస్యమైనా, నిర్ణయమయ్యాక పని పరిగెత్తేది.

ఇక రాడార్. ఆ జాగ్వార్ ముక్కులో అసలు రాడారే లేదు! లేజర్‌తో దూరం కొలిచే పరికరం ఉండేది, అంతే. సముద్రం మీద తిరిగే కొన్నింటికే రాడార్ పెట్టారు. అయినా ఎవరూ పార్కుల్లో కూర్చుని గుండెలు బాదుకోలేదు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఆ జాగ్వార్లలోనే కొన్నింటికి ఇజ్రాయెల్ వాళ్ల ఏసా అనే కొత్తరకం రాడార్ అమర్చారు. ప్రపంచంలో ఇంకా జాగ్వార్ నడిపే దేశం మనదొక్కటే. మొదట్లో చూపే లేని విమానానికి ముసలితనంలో దివ్యదృష్టి వచ్చింది. రాడార్ తర్వాతైనా పెట్టుకోవచ్చు, విమానం మాత్రం ఇప్పుడే ఉండాలి అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నేను చేయి పెట్టి పనిచేసిన రాడార్ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మిగ్-21కి గాలి పీల్చే నోరు ముందుంటుంది కదా, ఆ నోటి మధ్యలో పొడుచుకొచ్చే కోను. రాడార్ ఆ కోనులోనే ఇమడాలి. కోను ఎంతో యాంటెనా అంతే. పెద్ద యాంటెనా పెడితే ఇంజన్‌కు గాలి చాలదు. అందుకే చూపు తక్కువ. లోపలంతా వాల్వులు. స్విచ్చు వేశాక అవి వేడెక్కేదాకా కాసుకోవాలి. పైలట్ ఒక రబ్బరు తొడుగులో మొహం పెట్టి తెర చూడాలి. శత్రువు నేలకు దగ్గరగా ఎగిరాడా, నేల మీద నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనుల్లో కలిసిపోయి కనపడడు. ఈశాన్యంలో వానాకాలం వచ్చిందంటే సెట్టులోకి చెమ్మ చేరేది. పైలట్ దిగి విమానం మంచిచెడ్డలు రాసే ఎఫ్-700 పుస్తకంలో "రాడార్ వీక్" అని రెండు ముక్కలు రాసి టీ తాగడానికి పోయేవాడు. మేం కోను లాగి, సెట్టు దింపి, బెంచి మీద పెట్టి, వేడిగాలి పట్టించి, ఏ వాల్వు నీరసించిందో పట్టుకుని మార్చి, తెల్లారేసరికి ఎక్కించి సంతకం పెట్టేవాళ్లం. ఆ సంతకం మీద నమ్మకంతో ఒక మనిషి ఆకాశంలోకి వెళ్లేవాడు. పార్కులో ఎవరు ఏ వాదన గెలిచినా అంత బరువు ఉండదు.

ఆ సెట్టులో ఒక డబ్బాకు మాత్రం సీలుండేది. అది పాడైతే మేం తెరవకూడదు. పెట్టెలో పెట్టి వెనక్కి పంపాలి, అది తిరిగొచ్చేదాకా ఆ విమానం కుంటిదే. లోపలున్న తప్పు ఏమిటో మాకు వాసనతోనే తెలిసేది. అయినా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. నా జీవితంలో నన్ను ఎక్కువ ఏడిపించింది ఏ ఆలస్యమూ కాదు, ఆ సీలు.

ఇప్పుడు ఏసా సంగతి. పాత రాడార్‌లో పళ్లెం లాంటి యాంటెనాను మోటారు అటూ ఇటూ తిప్పుతుంది. మోటారు మొరాయిస్తే అంతా గుడ్డే. ఏసాలో పళ్లెం కదలదు. దాని మీద వందలకొద్దీ చిన్న మాడ్యూళ్లు ఉంటాయి, ఒక్కోటీ తరంగాన్ని పంపి, తిరిగొచ్చింది పట్టుకుంటుంది. పుంజాన్ని విద్యుత్తుతోనే రెప్పపాటులో ఎటు కావాలంటే అటు మళ్లిస్తారు. కొన్ని మాడ్యూళ్లు చచ్చినా మిగతావి పనిచేస్తూనే ఉంటాయి. గొప్ప విద్యే, కాదనను. నా వయసులో నాకు అది ఇచ్చి ఉంటే కళ్లకద్దుకునేవాణ్ని.

కానీ చిత్రం చూడండి. 2007 టెండరులో ఏసా ఉండి తీరాలన్నారు. అప్పటికే ఏసా పెట్టుకుని ఎగురుతున్నవి అమెరికా వాళ్లవి. 2011లో ఆ రెండు అమెరికా కంపెనీలూ పోటీలోంచి బయటికి పోయాయి. మిగిలిన రఫేల్, యూరోఫైటర్‌లలో ఒక్కదానికీ అప్పటికి వాళ్ల సొంత వాయుసేనల్లో ఏసా లేదు! అమెరికా వాళ్లు పోవడానికి వేరే కారణాలు చాలానే ఉన్నాయి లెండి. ఫ్రాన్స్ వాయుసేనకే ఏసా పెట్టిన మొదటి రఫేల్ 2012లో అందింది. అంటే మనం గీసుకున్న గీత దగ్గరికి విమానాలు నడిచొచ్చేదాకా ఫైలు టీ తాగుతూ కూర్చుంది. తీరా విమానాలు దిగేసరికి వాటి మాడ్యూళ్లలోని గాలియం ఆర్సెనైడ్ పాతదైపోయింది, గాలియం నైట్రైడ్ కావాలి అని పార్కులో కొత్త రాగం. ఎఫ్-5 వచ్చేది వచ్చే దశాబ్దంలో. అప్పటికి ఇంకేదో పుడుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సుఖోయ్ కొన్నప్పుడు ఇలా చేసి ఉంటే? 1996 నవంబరులో సంతకం పెట్టేనాటికి మనకు కావాల్సిన సుఖోయ్-30 ఎంకేఐ ఎక్కడా లేదు. 1997లో పుణెకు వచ్చినవి మామూలు సుఖోయ్-30కెలు. ముందు చిన్న రెక్కలు లేవు, తిరిగే నాజిళ్లు లేవు, అనుకున్న బార్స్ రాడారూ లేదు. వచ్చినవాటి మీదే మనవాళ్లు పని నేర్చుకున్నారు. అసలు ఎంకేఐ 2002లో చేరింది. దాని రాడార్ సామర్థ్యం కూడా విడతలవారీగానే పెరిగింది. ఆ రాడార్‌కు కంప్యూటర్లు మన డీఆర్‌డీఓ వాళ్లే చేసిచ్చారు. పాత కెలను వెనక్కిచ్చేశాం, వాటిలో 12 అంగోలా కొనుక్కుంది. సంతకం, పాఠం, మార్పిడి, అన్నీ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. పర్‌ఫెక్ట్ వచ్చేదాకా ఆగుదామని కూర్చుని ఉంటే ఇవాళ వాయుసేనకు వెన్నెముకే ఉండేది కాదు.

ఆగిన ఫలితం ఇదీ: ఉండాల్సిన స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. అరవై రెండేళ్లు ఎగిరింది ఆ విమానం. దాన్ని అంతకాలం ఎగరేయడం గర్వకారణమని ఉపన్యాసాలు ఇచ్చారు. ఫిట్టర్ల సంగతి అయితే నిజమే. దాని చోట వేరేది తేలేని వాళ్లకు అందులో గర్వమేముంది?

ఇక అప్‌గ్రేడ్ ఖర్చు. మిరాజ్‌లకు కొత్త రాడార్ పెట్టి ఆధునికీకరించడానికి 2011లో ఫ్రాన్స్‌తో ఒప్పందం చేసుకున్నాం. ఒక్కో విమానానికి 167 కోట్లవుతుందని పార్లమెంటులో చెప్పారు. 2000లో అదనంగా కొన్న మిరాజ్‌లకు పడింది ఒక్కోదానికి 133 కోట్లు. కొన్నదానికంటే బాగుచేసుకోవడానికే ఎక్కువ! ఎందుకంటారా? మూత తెరిచే తాళంచెవి అమ్మినవాడి జేబులో ఉంది కాబట్టి. మా సీలు డబ్బా కథే, కోట్లలోకి మారింది.

సొంతంగా చేసుకున్నా ఆ జేబు వదలడం లేదు. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఎలకు ఒప్పందమైంది, 2024 మార్చి నుంచి అందాలి. ఇంజన్ అమెరికాది. ఆ 99 ఇంజన్లలో మొదటిది మన చేతికొచ్చింది 2025 మార్చిలో. విగెన్ నాడు అడ్డుపడిందీ ఇంజనే, ఇప్పుడు ఆలస్యం చేసిందీ ఇంజనే. మధ్యలో దగ్గరదగ్గర యాభై ఏళ్లు గడిచాయి, మనం అదే క్యూలో నిలబడ్డాం.

అంతా తిట్లేనా అంటే, కాదు. మిగ్-21 ఎలక్ట్రానిక్స్ కోసమే 1965లో హైదరాబాద్‌లో హెచ్‌ఏఎల్ విభాగం పెట్టారు. మా రోజుల్లో అక్కడ ఎక్కువగా సోవియట్ వాళ్లిచ్చిన బొమ్మ చూసి బిగించడమే. ఇవాళ ఇదే ఊళ్లో పుట్టిన అస్త్ర క్షిపణిని సుఖోయ్‌కి తగిలించి పేల్చాం. 2025 జులైలో దాని ముందుండే, లక్ష్యాన్ని వెతికే సీకర్ కూడా మనదే పెట్టి ఒడిశా తీరంలో పరీక్షించారు. బెంగళూరులోని రాడార్ ప్రయోగశాల ఎల్‌ఆర్‌డీఈ వాళ్ల ఉత్తమ్ ఏసా రాడార్ తయారీలో హైదరాబాద్ కంపెనీ పాలుపంచుకుంటోంది. సుఖోయ్‌ల కోసం విరూపాక్ష పేరుతో గాలియం నైట్రైడ్ రాడార్‌నే తయారు చేస్తున్నారు. మేనేజరు గారు పారిస్ వైపు చూసి వెతుకుతున్న వస్తువు! ఇది నా తరానికి దక్కని భాగ్యం. ఈర్ష్య పడుతూనే ఒప్పుకుంటున్నాను.

కాబట్టి వాదించుకోండి, వద్దనను, కానీ సరైనదాని గురించి వాదించండి. రాడార్‌కు ఎన్ని కిలోమీటర్ల చూపుందో నాకు చెప్పొద్దు, బ్రోచరులో ఎవడైనా రాస్తాడు. అది పాడైతే మన ఫిట్టర్ మూత తెరవొచ్చా? మన అస్త్రను దానికి తగిలించాలంటే ఎవడి అనుమతి కావాలి? సాఫ్ట్‌వేర్‌లో ఒక వాక్యం మార్చడానికి ఎవడికి డబ్బు కట్టాలి? ఈ మూడింటికీ ఒప్పందంలో ఏ పేజీలో జవాబుందో చూపించండి. ఆ పేజీ లేకపోతే, ఎంత కొత్త రాడారైనా సంతకం ఆపండి. ఆ పేజీ ఉంటే, వచ్చే దశాబ్దపు మోడల్ కోసం ఒక్కరోజు కూడా ఆపొద్దు.