ఎర్ర దీపం వెలిగాక

నేను అరచేతిలో ఇమిడిపోతాను. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే నాకు ప్రాణం వస్తుంది. నా నెత్తిమీద కందిగింజంత ఎర్ర దీపం ఉంది, అది వెలిగిందంటే నేను వింటున్నట్టు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక కొట్లో, అద్దాల బీరువాలో, కాలిక్యులేటర్ల పక్కన చాన్నాళ్ళు పడి ఉన్నాను. నన్ను కొనుక్కెళ్ళినాయన దానవాయిపేటలో మేడ మీద గదిలో ఇంగ్లీషు చెప్పే మాస్టారు. ఫోనులోనే రికార్డు చేసుకోవచ్చు కదండీ అని పిల్లలు అడిగితే, "ఫోనుకి వంద పనులమ్మా. దీనికి వినడం ఒక్కటే పని" అన్నారాయన. ఆ రోజు నుంచీ నేను ఆ మాట నిలబెట్టుకుంటూనే ఉన్నాను.

నేను వినేదంతా ఒక్క పరీక్ష కోసం. ఐఈఎల్‌టీఎస్. మా గదిలో ఐల్ట్స్ అంటారు. విదేశాలకి వెళ్ళేవాళ్ళ ఇంగ్లీషుని కొలిచే పరీక్ష, 1989లో మొదలైంది. చదవడానికీ, రాయడానికీ, వినడానికీ వేరే వేరే పేపర్లున్నాయి. నా పని మాట్లాడే భాగంతోనే. ఎదురుగా మనిషి కూర్చుని అడుగుతుంటే 11 నుంచి 14 నిమిషాలు జవాబులు చెప్పాలి. మొదట ఇల్లు, ఊరు, ఉద్యోగం లాంటి పరిచయం ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. దాని మీద ఒక విషయం ఉంటుంది. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిలు. ఆపైన ఒక నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా ఆపకుండా చెప్పాలి, రెండు నిమిషాలు దాటితే వాళ్ళే ఆపుతారు. చివర ఆ విషయాన్నే పట్టుకుని లోతుగా చర్చ. అసలు పరీక్ష గదిలోనూ నాలాంటిదొకటి బల్ల మీద ఉంటుంది. వచ్చిన మార్కు మీద అనుమానం వచ్చి మళ్ళీ చూడమని దరఖాస్తు పెట్టుకుంటే, ఇంకో ఎగ్జామినరు కూర్చుని వినేది ఆ రికార్డునే.

మా మేడ ఎక్కేవాళ్ళు అందరూ గోదావరి వాళ్ళే. కడియం నర్సరీల పిల్లలు, అమలాపురం నుంచి తెల్లవారి బస్సుకి వచ్చే బీటెక్ కుర్రాళ్ళు, భీమవరం చేపల చెరువుల వాళ్ళ అబ్బాయిలు, పదేళ్ళు కువైట్‌లో డ్రైవరు పని చేసొచ్చి ఇప్పుడు కెనడా అంటున్న కోనసీమ మనిషి. ఇన్ని గొంతులు విన్నాక నాకొకటి తెలిసింది. మనవాళ్ళకి తక్కువైంది ఇంగ్లీషు కాదు. పెద్దవాళ్ళు అడిగితే ఒక్క ముక్కలో చెప్పి తల దించుకోవడం మన ఇళ్ళలో మర్యాద. ఎదురుగా కూర్చున్న మనిషి పెద్దరికం చూసి "యెస్ సర్", "నో మేడమ్" అని ఆగిపోతారు. గౌరవంగానే ఆగుతారు. పరీక్షలో ఆ గౌరవానికి మార్కు లేదు. ఎందుకని, ఎప్పటి నుంచని, ఎవరితోనని ఇంకో రెండు వాక్యాలు కలిపితేనే అవతలివాళ్ళకి కొలవడానికి ఏదైనా దొరుకుతుంది.

కొలిచేవి నాలుగు, నాలుగింటికీ సమాన విలువ. తడబడకుండా, ఒకదానికొకటి అతికేట్టు చెప్పడం ఒకటి. పదసంపద ఒకటి. వ్యాకరణం ఒకటి. ఉచ్చారణ ఒకటి. యాస గురించి మనవాళ్ళు అనవసరంగా బెంగపడతారు. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మన నాలుకకి తోచదు. బస్ అనేదాన్ని బస్సు చేసుకున్నాం, కార్‌ని కారు చేసుకున్నాం. ఆ అలవాటు ఇంగ్లీషులోకీ వస్తుంది. మాట అర్థమైతే చాలు, తెలుగువాడిలా పలికినందుకు మార్కు కొయ్యరు. బీబీసీలో వార్తలు చదివేవాళ్ళలా గొంతు మార్చుకుని మాట్లాడిన కుర్రాళ్ళని విన్నాను. రెండో నిమిషంలో ఆ గొంతు జారిపోయేది, దాంతోపాటు చెప్పాల్సిన విషయమూ జారిపోయేది. కువైట్ నుంచి వచ్చినాయన క్రియలన్నీ కలగాపులగం చేసేవాడు. అయినా ఎడారి రోడ్డు మీద టైరు పేలిన సంగతి చెబుతుంటే గదిలో కుర్చీ కిర్రుమనేది కాదు. మాస్టారు ఆయనకి భూతకాలం ఒక్కటే నేర్పారు. మిగిలింది ఆయన దగ్గరే ఉంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. నర్సాపురం దగ్గర పల్లెటూరు. ఇక్కడ ఓ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి, తడి జడతోనే మేడ ఎక్కేది. ఇంగ్లండులో నర్సుగా పేరు నమోదు కావాలంటే ఈ పరీక్షలో మాట్లాడే భాగంలో 7 రావాలి. రాతలో 6.5 ఉన్నా ఒప్పుకుంటారు కానీ మాటలో 7కి తగ్గడానికి వీల్లేదు. అంతకుముందు వేరే ఊళ్ళో ఓ కోచింగుకి డబ్బు కట్టింది. అక్కడ వంద కార్డులకి వంద జవాబులు అచ్చేసి ఇచ్చి, బట్టీ పట్టమన్నారట. పరీక్ష రాస్తే మాట్లాడే భాగంలో 6 వచ్చింది. ఆ కట్ట సంచిలో పెట్టుకునే మా దగ్గరికి వచ్చింది.

మాస్టారు నా మీట నొక్కారు. దీపం వెలిగింది.

"మీరు చూసిన అందమైన కట్టడం గురించి చెప్పండి" అన్న కార్డు వచ్చింది. నిమిషమంతా పెన్సిలు గీకిన చప్పుడే నాకు వినబడింది. పూర్తి వాక్యాలు రాస్తోంది పాపం. తర్వాత తాజ్‌మహల్ గురించి మొదలుపెట్టింది. పాలరాయి, వెన్నెల, షాజహాన్ ప్రేమ. సరిగ్గా 38 సెకన్లు. తర్వాత నిశ్శబ్దం. ఆ తాజ్‌మహల్ నాలో అప్పటికే తొమ్మిది గొంతుల్లో ఉంది. అవే పదాలు, అదే వెన్నెల. రికార్డరుగా నాకు తెలిసిన విద్య ఒకటే. మాటలతోపాటు మాటల మధ్య ఖాళీలు కూడా దాస్తాను. బట్టీ పట్టిన మాటల్లో ఖాళీ వాక్యం నడుమ వస్తుంది, మర్చిపోయిన పదం కోసం వెతుకులాటలో. తెలిసిన సంగతి చెప్పేవాళ్ళ ఖాళీ వాక్యం చివర వస్తుంది, తర్వాత ఏం చెప్పాలా అన్న ఆలోచనలో. ఈ తేడా నాకే తెలుస్తుంటే, ఏళ్ళ తరబడి అదే పనిగా కూర్చున్న ఎగ్జామినరుకి తెలియదా?

"ఆగ్రా ఎప్పుడెళ్ళావమ్మా?" అన్నారు మాస్టారు.

"వెళ్ళలేదండి."

ఆయన ఆ మాట మీద ఏమీ అనలేదు. మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపి, పరిచయం ప్రశ్నలకి వెళ్ళారు. వాటిలో ఒకటి, మీ అమ్మగారు ఏం చేస్తారని.

"మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. షి డజ్ నథింగ్."

మాస్టారు తెలుగులోకి దిగారు. "ఏమీ చెయ్యరా?"

"ఇంట్లోనే ఉంటారండి. ఖాళీగా ఉన్నప్పుడు లేసు అల్లుతారంతేనండి."

"ఖాళీగానా? ఎంతసేపు?"

ఆ అమ్మాయి లెక్క వేసుకుంది. అన్నం వండాక మొదలుపెడితే మధ్యాహ్నం దాకా, మళ్ళీ సాయంత్రం దీపాలు పెట్టాక. అలా లెక్కేస్తే రోజుకి ఏడు గంటలు తేలింది. ఆ అంకె చెప్పి తనే ఊరుకుండిపోయింది. నాలో ఆ నిశ్శబ్దం నాలుగు సెకన్లుంది. అంత బరువైన నాలుగు సెకన్లు నా దగ్గర మరి లేవు.

అప్పుడు మాస్టారు చెప్పారు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నర్సాపురం ప్రాంతానికి వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ బతుకు చూసి రాసిన పుస్తకం 1982లో వచ్చిందట. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న ఆ ఆడవాళ్ళని అందరూ గృహిణులనే అంటారు, అందువల్లే వాళ్ళ పని పనిగా లెక్కకి రాదు, కూలీ పెరగదు అని ఆమె ఎత్తి చూపింది. మిషనరీలు గోదావరి గట్టున నాటిన విద్య, పల్లెల్లో అరుగుల మీద పెరిగి దేశదేశాలకీ వెళ్ళింది. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "షి డజ్ నథింగ్ అన్నావు. ఆ వాక్యంలో వ్యాకరణం తప్పు లేదమ్మా" అన్నారు మాస్టారు. ఆ అమ్మాయి కొంగుతో ముఖం తుడుచుకున్న చప్పుడు నాలో ఉంది.

మర్నాడు కట్ట తేలేదు. లేసు ముక్క ఒకటి తెచ్చింది, అరచేయంత. మాస్టారు దాన్ని నా పక్కనే పరిచారు. మధ్యలో చిన్న చక్రం, చుట్టూ రేకులు, అంచున గొలుసు. తెల్లదారం, వేళ్ళు తగిలి తగిలి కాస్త పసుపు తిరిగింది. ఒక రేకు దగ్గర ముడి కాస్త బిగుసుకుంది. కరెంటు పోయిన రాత్రి అల్లిందట వాళ్ళమ్మ.

"పెద్దవాళ్ళ దగ్గర చూసిన నైపుణ్యం గురించి చెప్పు. నిమిషం టైము. వాక్యాలు రాయొద్దు, నాలుగు ముక్కలు చాలు. తెలుగులో రాసుకున్నా సరే, ఆ కాగితానికి మార్కులు వెయ్యరు." ఆమె రాసింది నాలుగే మాటలు: దారం, దీపం, వేలు, డబ్బు.

ఎర్ర దీపం వెలిగింది. "మై మదర్ యూజెస్ ఎ వెరీ థిన్ హుక్" అని మొదలుపెట్టింది. థిన్‌ని తిన్ అంది. కొక్కెం ఉన్న సూది ఎలా పట్టుకోవాలో చెప్పబోయి మాట దొరక్క, వేళ్ళు గాలిలో తిప్పి, "లైక్ హోల్డింగ్ ఎ పెన్, బట్ ది థ్రెడ్ ఈజ్ ది ఇంక్" అంది. ఆ పోలిక ఏ కట్టలోనూ లేదు. చూపుడు వేలి మీద దారం కోసి కోసి గీత పడిందని చెప్పింది. చిన్నప్పుడు ఆ గీతని నిమురుతూ నిద్రపోయేదాన్నని చెప్పింది. ఐవీ సూది పెట్టేటప్పుడు తన చెయ్యి వణకదని తోటి నర్సులు మెచ్చుకుంటారనీ, అది అమ్మ పక్కన కూర్చుని అల్లడం నేర్చిన చెయ్యనీ చెప్పింది. మాస్టారు ఆపేసరికి రెండు నిమిషాల అయిదు సెకన్లు. ఖాళీలన్నీ వాక్యాల చివరే ఉన్నాయి.

చర్చ దగ్గర మళ్ళీ పాత అలవాటు తొంగిచూసింది. చేతివృత్తులు కాపాడాలా అంటే, "యెస్, బికాజ్ ఇట్ ఈజ్ అవర్ కల్చర్" అని ఆగింది. మాస్టారు వదల్లేదు. కాపాడితే ఎవరికి లాభం? అందరికీనా? అప్పుడు ఆమె నిదానంగా, అల్లిన లెక్కన కూలి ఇస్తారనీ, మధ్యవాళ్ళ చేతులు మారి దూరదేశం చేరేసరికి ధర పెరుగుతుంది కానీ అమ్మ కూలి పెరగదనీ, కూలి పెరగకుండా సంస్కృతి అని పొగిడితే తన చెల్లెలు మటుకు సూది పట్టుకోదనీ చెప్పింది. "ఇఫ్" పెట్టి వాక్యం కట్టడం ఆమెకి అన్నాళ్ళూ కుదరలేదు. ఆ పూట మూడుసార్లు కుదిరింది. చెప్పాల్సింది బరువుగా ఉంటే దాన్ని మొయ్యగల వాక్యం దానంతట అదే వస్తుందని నేను నమ్ముతాను, ఆ ఫైలు విన్నాను కాబట్టి.

కళ్ళతో చూసినదాని గురించే మాట్లాడించాలని, అప్పటి నుంచి మాస్టారు ఆదివారాలు పిల్లల్ని దామెర్ల రామారావు చిత్రశాలకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. 1909 నుంచి పదేళ్ళు ఇక్కడి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర చేరదీసిన పిల్లాడు రామారావు. 1925లో, ముప్పై నిండకుండానే పోయాడు. ఈ గోదావరినీ ఈ మనుషుల్నీ బొమ్మల్లో మిగిల్చి వెళ్ళాడు. ఒక్కో పిల్లా ఒక్కో బొమ్మ ముందు నిలబడి రెండు నిమిషాలు మాట్లాడాలి. నేను మాస్టారి చొక్కా జేబులో ఉంటాను. కడియం అబ్బాయి మొదట్లో చెట్లంటే "నేచర్ ఈజ్ బ్యూటిఫుల్" దాటేవాడు కాదు. ఇప్పుడు అంటు కట్టడం గురించి అడిగితే, కొమ్మ ఏ వాలున కొయ్యాలో, గుడ్డపీలిక ఎంత బిగించాలో చెబుతూ ఊపిరి తీసుకోవడం మర్చిపోతాడు.

ఆ అమ్మాయి పరీక్షకి విజయవాడ వెళ్ళింది. లోపల ఏం అడిగారో, ఏం చెప్పిందో నాకు తెలియదు. అది అక్కడి రికార్డరు దాచుకున్న సంగతి. ఫలితం వచ్చిన రోజు వాళ్ళమ్మని వెంటబెట్టుకుని మేడ ఎక్కింది. మాట్లాడే భాగంలో 7. ఆవిడ నా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడి, నేల మీద కూర్చోబోతే మాస్టారు ఒప్పుకోలేదు.

"మా అమ్మాయి మాట ఇందులో ఉందాండి?"

మాస్టారు ఆ రెండో రోజు ఫైలు పెట్టారు. తన గురించే అని తెలుసు ఆవిడకి, మాటలు తెలియవు. తల వంచుకుని చివరిదాకా విన్నారు. మధ్యలో ఒకచోట చెయ్యెత్తారు.

"థర్టీ అంటోంది కదండీ? ముప్పై కాదండి. ముప్పయ్యారు. రేకులకి ముప్పయ్యారు ముడులు."

"అమ్మా, అక్కడ ముడులు ఎవరూ లెక్కపెట్టరే" అంది అమ్మాయి.

"మనం పెడతాం కదే" అన్నారావిడ. సంచిలోంచి సూదీ దారం ఉండా తీసి, ఎలాగో చూపించడం మొదలుపెట్టారు. మాస్టారు మెల్లిగా నా మీట నొక్కారు. దీపం వెలిగింది.